నాలుగుకీ ఐదుకీ మధ్య

దాలీలా గిటార్ భుజాన వేసుకుందంటే చాలు, పుకాల్పా ఊరి రేవు బజారులో చేపలమ్మే ఆడవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. నేనేదో కల్పించి చెబుతున్నాననుకునేరు, నిజంగానే పెట్టుకునేవాళ్ళు. చంటిపిల్లలు కెవ్వుమనేవాళ్ళు. బల్లల కింద చేప తలకాయల కోసం కాచుకుని కూర్చునే పిల్లులు సైతం లేచి ఏటి గట్టు వైపు పోయేవి.

అలాగని ఆ పిల్లకు వాయించడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. ఇరవై మూడేళ్ళకే వేళ్ళు తీగల మీద పరుగులు పెట్టేవి. ఒక్క స్వరం పక్కకు పోదు, తాళం తప్పదు. చిక్కంతా ధ్వనితోనే. బ్రిడ్జి దగ్గరి పికప్ మీద పెట్టి వాయించగానే ఆ ఎర్ర గిటార్, గాజుపెంకుతో కంచం గీకినట్టు కీచుమనేది. వినేవాళ్ళకు పళ్ళు జివ్వుమనేవి.

ఆ పికప్ మానేసి ఇంకోటి వాడొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ గిటార్‌కి తీగల కింద, వాటి చప్పుడును పట్టి స్పీకరుకు పంపే పికప్‌లు మూడున్నాయి. మెడ వైపుది మెత్తగా పలుకుతుంది, నడిమిది ఓ మోస్తరు, తీగలు ముడిపడే బ్రిడ్జి పక్కనున్నది పదునుగా పలుకుతుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని వాయించుకునేవాళ్ళకు ఏదైనా ఒకటే. వీధిలో జనం ఆడే కుంబియా పాటలు వాయించేవాళ్ళకు ఆ భాగ్యం లేదు. పక్కన టింబాల్స్ డప్పుల మోత, వెనక జనరేటర్ రొద, ముందు బీరు సీసాలతో మూడొందల మంది, మధ్యలోంచి దూరిపోయే మోటార్ రిక్షాలు. వీటన్నిటినీ దాటుకుని పాట వినిపించాలంటే బ్రిడ్జి పికప్ తప్ప దిక్కులేదు. మిగతా రెంటితో వాయిస్తే గిటారిస్టు చేతులు ఆడటం కనిపిస్తుందంతే.

వాళ్ళ బృందం పేరు లోస్ బొకిచికోస్. బొకిచికో అంటే అక్కడి ఏట్లో దొరికే చేప, ముళ్ళు ఎక్కువ. ఆ బృందాన్ని పెట్టినవాడు, ముప్ఫై ఒక్క ఏళ్ళు అందులో ముందు నిలబడి పాట వాయించినవాడు దాలీలా బాబాయి ఆర్తేమియో. ఈ మార్చిలో ఆయన కుడిచేతి వేళ్ళ కణుపులు రెండు వాచి, వంగబోమని మొరాయించాయి. దాంతో ఆయన వెనక నిలబడి తాళం పట్టే రెండో గిటార్ తీసుకుని, ఎర్ర గిటార్ అన్న కూతురి చేతికిచ్చాడు. దాంతోపాటు ఓ రహస్యం కూడా ఇచ్చాడు.

"ఇటు రా, చెవి ఇలా పెట్టు. ఈ చివరి నాబ్ ఉంది చూశావా? దీన్ని నాలుగుకీ ఐదుకీ మధ్యన పెట్టాలి. నాలుగు కాదు, ఐదూ కాదు. అక్కడ పెడితే ఎంత కీచుమనే పికప్ అయినా నోరు అదుపులో పెట్టుకుంటుంది. ఈ ముక్క మీ పిన్నికి కూడా చెప్పలేదే నేను!"

"పిన్ని గిటార్ వాయించదు కదా బాబాయ్?"

"వాయించినా చెప్పేవాణ్ణి కాదు."

దాలీలా నాబ్‌ని గోరంత కూడా అటూ ఇటూ కాకుండా నాలుగుకీ ఐదుకీ మధ్యన పెట్టింది. కీచుమంది. మూడు మీద పెట్టింది, కీచుమంది. ఆర్తేమియో నవ్వుతూ వచ్చి గిటార్ తీసుకునేవాడు. పాత రేడియోలో స్టేషన్ వెతికినట్టు కళ్ళు సగం మూసి నాబ్‌ని సుతారంగా తిప్పేవాడు. తిప్పి, ఆ వాచిన వేళ్ళతోనే ఓ పది స్వరాలు వాయించేవాడు. పాకం కారినట్టు వచ్చేది ధ్వని. "చూశావా? నాబ్. అంతే!" అని గిటార్ తిరిగి ఇచ్చేవాడు. దాలీలా తీగలు మీటడానికి పాత ఫోన్ కార్డు కత్తిరించి చేసుకున్న తన పిక్‌తో అవే పది స్వరాలు వాయించేది. మళ్ళీ గాజుపెంకు, మళ్ళీ కంచం.

"నాబ్ కూడా మనిషిని చూసి పనిచేస్తుంది కాబోలు," అనేవాడు టింబాల్స్ కొట్టే రిస్తెర్. "చెల్లీ, ఏమనుకోకు గానీ నువ్వు వాయించిన రోజున మా వీధిలో దోమలు కుట్టడం లేదు. భయపడి పోయాయి."

"నీ కర్రలు తీసుకుని నీ దోమల దగ్గరికే పో!" అనేది దాలీలా. పైకి అలా అన్నా, మూడు నెలలుగా అదే మాట వినీ వినీ ఆమెకు లోపల దిగులు పట్టుకుంది. అదే గిటార్, అదే నాబ్, అదే అంకె. ఆయన వాయిస్తే పలుకుతుంది, తను వాయిస్తే ఏడుస్తుంది. అంటే తన చేతిలోనే పాట లేదన్నమాట. ఈ అనుమానం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

జూన్ రెండో వారంలో ఆ దిగులు కాస్తా గండంగా మారింది. సాన్ హువాన్ పండక్కి హుమీషా చెట్టు ఈసారి చేపలమ్మే దోన్యా ఓర్ఫెలీనా, అంటే ఓర్ఫెలీనా అమ్మగారు, నిలబెట్టాలి. నడివీధిలో తాటిచెట్టు పాతి, దానికి బకెట్లు, దుప్పట్లు, గిన్నెలు వేలాడదీసి, చుట్టూ ఆడుతూ జంటకో దెబ్బ చొప్పున నరికే వేడుక అది. ఎవరి దెబ్బకు చెట్టు పడితే మరుసటి ఏడు చెట్టు, విందు, బ్యాండు అన్నీ వాళ్ళ నెత్తినే. పోయినేడు దెబ్బ ఓర్ఫెలీనాది. చేపలు నరికి నరికి ఆమె చెయ్యి అలవాటు పడిపోయింది పాపం.

ఆమె దూది ఒక చెవిలోంచి మాత్రమే తీసి ఆర్తేమియోతో తెగేసి చెప్పింది. "దోన్ ఆర్తేమియో, మీ మీద గౌరవం కొద్దీ మిమ్మల్నే పిలుస్తున్నా. మా అమ్మకి తొంభై ఏళ్ళు. ఈ పిల్ల వాయింపుకి ఆవిడ పోతే చెట్టు ఖర్చుకి తోడు ఆ ఖర్చు కూడా నేను పెట్టుకోలేను."

ఆర్తేమియో ఆ సాయంత్రం దాలీలాని పక్కకు పిలిచాడు. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "సాన్ హువాన్ దాకా చూద్దామే. అప్పటికీ మెత్తబడకపోతే పాట కీబోర్డు వాడికిద్దాం. నువ్వు నాతోపాటు వెనక నిలబడి తాళం వాయిద్దువుగాని. అందులో తప్పేం లేదు," అన్నాడు. బొకిచికోస్‌లో కీబోర్డు పాట వాయించడమంటే ఎంత అవమానమో, అనేటప్పుడు ఆయన గొంతే చెప్పింది. ముందు నిలబడి పాట వాయించడం కోసం ఆ పిల్ల పదకొండో ఏట నుంచీ కలలు కంటోంది. రాత్రంతా ఏడ్చి, తెల్లారగానే గిటార్‌ని బియ్యం సంచిలో దూర్చి దోన్యా జులేమా కొట్టుకు పోయింది.

జులేమా ఫ్యాన్లు, మిక్సీలు, పడవ మోటార్ల కాయిల్స్, ఒకటేమిటి, తీగ ఉన్న ప్రతిదీ బాగుచేస్తుంది. కొట్టు నిండా టంకం వాసన. సంచిలోంచి ఎర్రరంగు బయటికి రాగానే ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసింది.

"అమ్మో, ఆర్తేమియో గిటారా! ఇది విప్పానని తెలిస్తే ఆయన నాతో మాట్లాడడు."

"ఇప్పుడు మాట్లాడుతున్నాడా?"

"పదేళ్ళుగా లేదు. ఆయన ఆంప్లిఫయర్‌లో బొద్దింకలున్నాయన్నాను, నిజం చెప్పినందుకు అలిగాడు. సరే, నీ బాధేంటి చెప్పు."

దాలీలా చెప్పింది. రహస్యం బయటపెట్టకుండా కథ సాగదు కాబట్టి నాలుగుకీ ఐదుకీ మధ్య సంగతి కూడా చెప్పేసింది. జులేమా అంతా విని, గిటార్‌ని చిన్న స్పీకరుకు తగిలించింది.

"కళ్ళు మూసుకో. నువ్వు వాయిస్తూ ఉండు, నాబ్ నేను తిప్పుతా. ఎప్పుడు మెత్తబడిందో చెప్పాలి."

దాలీలా కళ్ళు మూసుకుని వాయించింది. "ఇప్పుడు పదును... ఇంకా పదును... ఆ, ఇదిగో! ఇప్పుడు మెత్తబడింది. కొంచెమే, కానీ తెలుస్తోంది!"

"కళ్ళు తెరు."

తెరిచి చూస్తే జులేమా రెండు బారల దూరంలో స్టూలు మీద కూర్చుని కాము కాము పండ్ల రసం తాగుతోంది. "నేనసలు నాబ్ ముట్టుకోలేదమ్మాయ్. నువ్వు మొదలుపెట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నా."

జులేమా పదకొండు మరలూ విప్పి, ముందున్న ప్లాస్టిక్ పలకను తిరగేసింది. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కొక్క తీగనే వెంబడి పోతూ చూపించింది.

"ఇది సౌండు నాబ్, అన్నిటికీ పనిచేస్తుంది. ఇది మెడ పికప్‌ది. మీ బాబాయి రహస్యం నాబ్ ఇదీ, దీని తీగ పోయి నడిమి పికప్‌కి తగులుకుంది. ఇక బ్రిడ్జి దానికి... చూడు, ఏమైనా కనిపిస్తోందా?"

"లేదు."

"లేదు. పుట్టినప్పటి నుంచీ లేదు. ఈ తరహా గిటార్లు చాలావరకు ఇలాగే వస్తాయి. బ్రిడ్జి మీద పెట్టి ఆ నాబ్ తిప్పడమంటే, పక్కింటి స్విచ్చు నొక్కి మనింట్లో లైటు కోసం చూడటమే."

దాలీలా పకపకా నవ్వింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు! కళ్ళు సగం మూసి, ఊపిరి బిగబట్టి, పెళ్ళాంతో కూడా చెప్పకుండా! నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. అంతలోనే ఆగిపోయింది. "మరి బాబాయ్ తిప్పితే మెత్తబడుతుందే? నా చెవులారా విన్నానే!"

"ఆయన వాయించేటప్పుడు నువ్వు ఎటు చూసేదానివి?"

"నాబ్ వైపు."

"ఊరంతా అటే చూసింది. ఆయనా అటే చూశాడు. ఆయన పిక్ పట్టడు, బొటనవేలి కండతో మీటుతాడు. అదొకటి. నాబ్ తిప్పిన చెయ్యి వెనక్కి వచ్చేటప్పుడు మొదట ఉన్న చోటికి రాదు, నాలుగు వేళ్ళ మేర మెడ వైపు జరిగి ఆగుతుంది. అక్కడ తీగ మెత్తగా ఉంటుంది. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాగా ఆ చేతుల్ని," అంది జులేమా. అని, ఎందుకో తల వంచుకుని టంకం కడ్డీ వేడెక్కిందో లేదో చూసుకుంది.

మూడు నెలలుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది దాలీలాకు. తన చేతిలో లోపమేమీ లేదు, తనది వేరే చెయ్యి, అంతే. జులేమా వేలెడు తీగ ముక్క కోసి, చివరి నాబ్‌ని బ్రిడ్జి పికప్‌కి కలిపి అతికింది. సన్నతీగల వైపు మర రెండు చుట్లు తిప్పి పికప్‌ని కాస్త కిందికి దించింది. "ఇక అంకె తగ్గేకొద్దీ ధ్వని మెత్తబడుతుంది. నీ పిక్‌కి ఏడు మీద పెడితే సరిపోతుంది. వాయించు," అంది. పదును ఉంది, కానీ పళ్ళకు తగలడం లేదు. గాజు పోయి ఇత్తడి వచ్చింది. దాలీలా జులేమాని పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది.

అన్నీ బాగానే ఉన్నాయి, ఈ ముక్క బాబాయికి చెప్పేదెవరు? ఆయన జీవితంలో దాచుకున్న రహస్యం అదొక్కటే. దాలీలా దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. తీరా రిహార్సల్లో తను వాయించడం విని ఆయన మొహం వెలిగిపోయేసరికి, కూడబలుక్కున్నవన్నీ మింగేసింది.

"దొరికిందా! నాలుగుకీ ఐదుకీ మధ్యే కదూ?"

ఏడు మీదున్న నాబ్‌ని అరచేత్తో కప్పి, "అవును బాబాయ్," అంది దాలీలా. రిస్తెర్ ఏదో అనబోయి, ఆమె చూపు చూసి కర్రలు సర్దుకున్నాడు.

సాన్ హువాన్ రోజు మధ్యాహ్నం ఓర్ఫెలీనా ఇంటి ముందు వీధి వీధంతా ఉంది. అన్నం, కోడికూర బిహావో ఆకుల్లో పొట్లం కట్టి ఉడికించిన హువానెల వాసన, రంగునీళ్ళు, బురద, పౌడరు. నడిమధ్యన బకెట్లతో, దుప్పట్లతో హుమీషా. దాలీలా వాయిస్తుంటే జనం ఆడుతున్నారు. ఎవరి చెవిలోనూ దూది లేదు. తొంభై ఏళ్ళ ముసలావిడ కుర్చీలో కూర్చునే భుజాలు ఊపుతోంది. గట్టెక్కేశాననుకుంది దాలీలా.

గొడ్డళ్ళు బయటికి రాగానే ముసలివాళ్ళంతా ఒకటే గోల. "ఆర్తేమియో! చెట్టు కొట్టేది ఆర్తేమియో పాటకే!"

"వేళ్ళు వంగవు నాయనా, వదిలెయ్యండి," అని ఆయన నవ్వుతూనే ముందుకొచ్చేశాడు. మూడు నెలలుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషాయె. దాలీలా ఎర్ర గిటార్ ఆయనకిచ్చి, ఆయన చేతిలోని రెండో గిటార్ తను తగిలించుకుంది.

"బాబాయ్, నాబ్ కదపకు, ఇప్పుడు సరిగ్గా ఉంది..."

"ఏడు మీదుందేంటే! ఎవరు తిప్పారు? పిల్లలు చెయ్యి పెట్టుంటారు," అని ఆయన కళ్ళు సగం మూసి, సుతారంగా, నాలుగుకీ ఐదుకీ మధ్యకు తెచ్చి పాట ఎత్తుకున్నాడు.

పాట బయటికి రాలేదు. మూతిన దిండు పెట్టుకుని ఎవరో పాడుతున్నట్టు గుడగుడమంది. ఆయన మెత్తని వేళ్ళకు తోడు, జన్మలో మొదటిసారి ఆ నాబ్ నిజంగా పనిచేస్తోంది మరి. టింబాల్స్ ఆ చప్పుడును మింగేశాయి. ఆడేవాళ్ళ అడుగులు తడబడ్డాయి. గొడ్డలి ఎత్తినవాడు వెనక్కి తిరిగి చూశాడు. చెట్టు పడేదాకా పాట ఆగకూడదు, ఆగితే ఏడాదంతా అరిష్టమంటారు. "గట్టిగా, దోన్ ఆర్తేమియో, గట్టిగా!" అని ఎవరో అరిచారు.

ఆర్తేమియో నాబ్ వైపు చూడలేదు. తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. వాచిన ఆ రెండు కణుపుల్నీ చూసుకుంటూ, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, ఇంకా బలంగా మీటాడు. లాభం లేకపోయింది. ఎన్నడూ మోసం చెయ్యని నాబ్‌ని ఇంకాస్త ఎడమకు తిప్పాడు. ఆ ఉన్న చప్పుడూ అణిగిపోయింది. ఆయన మొహం చూడలేకపోయింది దాలీలా. తన పని అయిపోయిందని, మూడొందల మంది ముందు, పండగ పూట, ఆయన ఆ క్షణాన నమ్మేశాడు. ఆ నమ్మకానికి కారణం దాలీలా చెప్పిన అబద్ధమే.

దాలీలా రెండో గిటార్‌ని వీపు మీదకు నెట్టి, ఒక్క అంగలో వెళ్ళి, ఆయన మోచేతి కిందినుంచి చెయ్యి దూర్చి నాబ్‌ని పదికి తిప్పేసింది.

పాట ఒక్కసారిగా వీధి మీద పడింది. అదే పాకం, అదే తీపి. ముసలివాళ్ళు కేకలు పెట్టారు. ఆర్తేమియో నోరు తెరుచుకున్నవాడు తెరుచుకున్నట్టే వాయించాడు. జంటలు మారాయి, చెట్టు ఊగింది. వంతు వచ్చిందని మొహమాటానికి ఓ చిన్న దెబ్బ వేసిన దోన్యా జులేమా చేతిలో ఫెళ్ళున విరిగి పడింది. "నేనొప్పుకోను, ఇది ముందే సగం తెగింది!" అని జులేమా అరుస్తూనే ఉంది, జనం ఆమెను తోసుకుంటూ బకెట్ల మీద పడ్డారు.

ఆ గలాటాలో ఆర్తేమియో దాలీలాని స్పీకర్ల వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఏం చేశావే నా గిటార్‌ని?"

దాలీలా ఏదీ దాచలేదు. బియ్యం సంచి, పదకొండు మరలు, పక్కింటి స్విచ్చు, అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. "నీతో చెప్పడానికి నోరు రాలేదు బాబాయ్. ఇందాక నీ మొహం చూస్తే చచ్చిపోవాలనిపించింది."

"అంటే, ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆ నాబ్..."

"ఏ పనీ చెయ్యలేదు. చేసిందంతా నీ వేళ్ళే."

ఆయన కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నవ్వాడు.

"వేళ్ళు వాచినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? పోతే పోనీ, నాబ్ ఉందిగా, దాన్ని పిల్లకిచ్చేస్తే నా పాట నిలబడుతుంది అనుకున్నా. తీరా చూస్తే నీకిచ్చిందేం లేదన్నమాట."

"ఇవ్వలేదని ఎవరన్నారు? నా పదకొండో ఏట నుంచీ నీ ముందు వరసలో కూర్చున్నా. ఆ పాటలన్నీ నాకెక్కడివి?" దాలీలా ముక్కు తుడుచుకుంది. "ఆ బొటనవేలి మీటు కూడా నేర్పు."

"పిక్ వదిలేస్తావా?"

"వదలను."

"వదలకు," అన్నాడాయన వెంటనే. "నా వేలికి నీ పరుగు ఏనాడూ రాలేదు. పండగ అయ్యాక మీటు నేర్పుతా. రెండూ ఉంచుకో." ఎర్ర గిటార్ పటకా తన మెడలోంచి తీసి ఆమె మెడలో వేశాడు. జనంలోంచి జులేమా గొంతు ఇంకా వినిపిస్తోంది. "ఆవిడ కూడా ఏం తక్కువది కాదు," అని గొణిగాడు. "వచ్చే ఏడు ఆవిడ చెట్టు దగ్గర ఎలాగూ మనమే వాయించాలి, మాట్లాడక చస్తానా."

"చెట్టు పడింది గానీ బీరు అలాగే ఉంది! వాయిస్తారా, కీబోర్డు వాణ్ణి పిలవనా?" అని ఓర్ఫెలీనా కేకేసింది. అందరూ తమ తమ చోట్లకు పోయారు. బాబాయి చూస్తుండగానే దాలీలా నాబ్‌ని ఏడు మీద పెట్టుకుని, పిక్ పట్టుకుని ఎదురుచూసింది. బొకిచికోస్‌లో పాట మొదలుపెట్టమని తలూపేది ఆర్తేమియోనే. గిటార్ ఇచ్చాక కూడా ఈ మూడు నెలలూ వెనక నిలబడి ఆయనే తలూపేవాడు. ఇప్పుడు ఎంతకీ ఊపడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయనా, రిస్తెర్ కూడా ఆమెనే చూస్తున్నారు.

"నన్ను చూస్తావేంటే?" అన్నాడు ఆర్తేమియో. "నువ్వు తలూపితేగా మేం మొదలుపెట్టేది!"

దాలీలా జనం వైపు తిరిగి, ఊపిరి పీల్చుకుని, తలూపింది.